అన్నప్రాశనము: శిశువు తొలి ముద్ద చరిత్ర

శ్రీకాకుళము చెంతనున్న అరసవల్లిలో ఏటా మార్చి, అక్టోబరు మాసములలో కొన్ని ప్రాతఃకాలములందు బాలభానుని కిరణములు శ్రీ సూర్యనారాయణస్వామివారి పాదములను స్పృశించును. 7వ శతాబ్దమున కళింగమును పాలించిన తూర్పు గాంగరాజు దేవేంద్రవర్మ ఈ ఆలయమును నిర్మించెనని ప్రతీతి. ఇట్టి సూర్యక్షేత్రమున శిశువు తొలి అన్నమును తలచుట అసందర్భము కాదు. మనుస్మృతి నాల్గవ మాసమున శిశువును ఇల్లు వెడలించుటను, ఆరవ మాసమున అన్నప్రాశనమును వరుసగా విధించినది. ఆ నిష్క్రమణవేళ శిశువునకు సూర్యుని చూపవలెనని పారస్కర గృహ్యసూత్రము చెప్పుచున్నది. ముందు ఆదిత్యదర్శనము, పిదప అన్నము.

తెలుగునాట వైదిక కుటుంబములలో అధికసంఖ్యాకులు ఆపస్తంబ సూత్రీకులు. ఆ సూత్రమున ఆరవ మాసమందు బ్రాహ్మణులకు భోజనమిడి, ఆశీర్వచనము పొంది, పెరుగు, తేనె, నెయ్యి, అన్నము కలిపి సమంత్రకముగా శిశువునకు తినిపింపవలెనని యున్నది. కొందరి మతమున తిత్తిరిపక్షి మాంసము కూడ విహితమేనని అచ్చటనే ఉన్నది! నేటి అన్నప్రాశనములలో ఆ మాంసము ఊసే లేదు. అది లేనందున సంస్కారము లోపించెనని ఎవరును అనరు.

ఇప్పుడు చిక్కంతయు తేనె విషయముననే. ఏడాది నిండని శిశువునకు తేనె నాకింపరాదని నేటి వైద్యము దృఢముగా చెప్పుచున్నది. తేనెలో ఉండగల క్లాస్ట్రీడియం బొట్యులినం అను సూక్ష్మజీవి బీజములు పెద్దలకు సామాన్యముగా హాని చేయవు. పసికందు ప్రేవులలో మాత్రము అవి మొలకెత్తి విషమును పుట్టింపగలవు. ఆ విషము కండరములను నిస్సత్తువ చేయును, ఒక్కొక్కప్పుడు శ్వాసకే ముప్పు తెచ్చును. ఇంట కాచినంత మాత్రమున ఆ బీజములు నశింపవు. "మా పిల్లలందరికి నాకించితిమి, చుక్క తేనెకు ఏమగును?" అని బామ్మ అనును. వైద్యుని మాట విన్న కోడలు గిన్నెవంక బెదురుగా చూచును. అట్టి వేళ పురోహితుడు సంకోచింపక తేనెను ప్రక్కన పెట్టింపవలెను. తిత్తిరిమాంసము తొలగినను నిలిచిన సంస్కారము తేనె తొలగినను నిలుచును. పెరుగు, నెయ్యి, అన్నము మిగిలియే యున్నవి గదా.

కాలవిషయమున ప్రాచీనులకును ఆధునికులకును దూరము స్వల్పము. ఆరవ మాసమున లఘువు, హితము అయిన అన్నమును తినిపింపుమని సుశ్రుతుడు శారీరస్థానమున చెప్పెను. కాశ్యపసంహిత ఆరవ మాసమున ఫలములను, దంతములు వచ్చిన పిదప పదవ మాసమున అన్నమును చెప్పినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో, ఆరు నెలలు నిండువరకు తల్లిపాలు మాత్రమే ఇచ్చి, ఆపై వానితోపాటు మెత్తని ఆహారము మొదలిడవలెనని నిర్ణయించెను. మగశిశువునకు సరిమాసము, ఆడశిశువునకు బేసిమాసము అను ఆచారము కలదు. బాలికకు ఐదవదానికంటె ఏడవ మాసమే మేలు. అయితే ముహూర్తము కుదరలేదని ఎనిమిది, పది నెలల దాక బిడ్డను ఒట్టి పాలతో ఉంచు ఇండ్లు కలవు. ఇది ఆపస్తంబుని అభిమతము కాదు. ముహూర్తము సంస్కారమునకు గాని ఆకలికి కాదు. ఆరు నెలలు నిండిన బిడ్డకు మెత్తని ఆహారమును ఆరంభించి, సంస్కారమును పిమ్మట శుభదినమున జరుపుకొనవచ్చును.

రథసప్తమినాడు పిడకలపై పాలు పొంగించి, కొత్తబియ్యముతో పరమాన్నము వండి, చిక్కుడాకులలో సూర్యునకు నివేదించుట తెలుగువారి ఆచారము. ఆరు నెలలు నిండిన బిడ్డ ఇంట నున్నచో, ఆ ప్రసాదమునుండి రెండు మెతుకులను తల్లి వ్రేళ్లతో మెత్తగా నలిపి, తూర్పుముఖముగా కూర్చుండబెట్టిన బిడ్డ నాలుకపై ఉంచవచ్చును.