కుట్టుమిషను నుంచి క్రెడిట్ కార్డు దాకా

మీ గరాజ్‌లో కారు పడుతోందా? మా గరాజ్‌లో పట్టడం మానేసి మూడేళ్లయింది. అట్టపెట్టెలు, తొక్కని ట్రెడ్‌మిల్, ఒక్కసారి కూడా తియ్యని డిన్నర్ సెట్టు. మొన్న సర్దుతూ కూర్చుంటే ఒక ఆలోచన వచ్చింది. ఇవన్నీ కొన్న రోజున సంతోషంగానే ఉన్నాను కదా, మరి ఆ సంతోషం ఏ పెట్టెలో ఉన్నట్టు?

ఈ అలవాటు మనతో మొదలైంది కాదు లెండి. దీనికో చరిత్ర ఉంది.

నేనుంటున్న ఈ అమెరికా 1776 నాటి స్వాతంత్ర్య ప్రకటనలోనే, సంతోషాన్ని వెతుక్కోవడం మనిషి హక్కు అని రాసుకుంది. సంతోషమంటే ఏమిటో మాత్రం రాయలేదు. ఆ ఖాళీని తర్వాత దుకాణాలవాళ్లు నింపారు.

మొదటి మలుపు మన అమ్మమ్మల ఇళ్లలో చూసిన వస్తువుతోనే వచ్చింది. అదే కుట్టుమిషను. ఐజాక్ సింగర్ 1851లో తన మిషనుకి పేటెంటు తీసుకున్నాడు. అప్పట్లో దాని ధర వంద డాలర్ల పైమాటే. మామూలు కుటుంబం ఏడాదంతా కష్టపడితే వచ్చేది సుమారు 500 డాలర్లు. ఎవరు కొంటారు చెప్పండి? 1856లో సింగర్ భాగస్వామి ఎడ్వర్డ్ క్లార్క్ ఒక ఉపాయం పట్టుకొచ్చాడు. కొంచెం ముందు కట్టి మిషను ఇంటికి తీసుకెళ్లండి, మిగతాది నెలనెలా కట్టండి అన్నాడు. పాత మిషను తెస్తే కొత్తదాని ధర తగ్గించేవారు కూడా. మన ఎక్స్ఛేంజ్ ఆఫర్లకి తాత అదే!

ఆ అప్పుని నేను తప్పుపట్టను. ఒక రోజంతా చేత్తో కుట్టే చొక్కా మిషను మీద గంటా గంటన్నరలో అయిపోయేది. ఎందరో ఆడవాళ్లు నాలుగు డబ్బులు సంపాదించుకున్నారు. ఆ మిషను తన వాయిదా తనే కట్టుకుంది.

కానీ దారి పడ్డాక దాని మీద అన్నీ నడిచాయి. 1919లో జనరల్ మోటార్స్ కార్లకి అప్పులివ్వడానికే ఒక సంస్థ పెట్టింది. 1920లలో రేడియోలు, ఫ్రిజ్‌లు, సోఫాలు అన్నీ వాయిదాల మీదే ఇళ్లకి చేరాయి. 1929లో మార్కెట్ కూలి ఉద్యోగాలు పోయాక, వాయిదా కట్టలేనివాళ్ల సామాన్లు వచ్చిన దారినే వెనక్కి వెళ్లాయి.

అయినా బుద్ధి వచ్చిందా? 1958 సెప్టెంబరులో బ్యాంక్ ఆఫ్ అమెరికా కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో ఊళ్లో, ఎవరూ అడగకుండానే, 60,000 క్రెడిట్ కార్డులు పోస్టులో పంపింది. తమాషా ఏమిటంటే, 1959 జనవరిలో మన దగ్గర 'అప్పు చేసి పప్పుకూడు' సినిమా వచ్చింది. మనవాళ్లు నవ్వుకున్న సామెతని ఇక్కడివాళ్లు వ్యాపారం చేసేశారు.

మరి ఇన్ని కొన్నాక సంతోషం పెరిగిందా? 1974లో రిచర్డ్ ఈస్టర్‌లిన్ అనే ఆర్థికవేత్త సరిగ్గా ఇదే లెక్క తీశాడు. ఏ ఒక్క సమయంలో చూసినా, పేదవాళ్లకంటే ఉన్నవాళ్లే ఎక్కువ సంతోషంగా ఉన్నామంటున్నారు. కానీ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత దేశం ఆదాయం అంత పెరిగినా, జనం సంతోషం ఆ లెక్కన పెరగలేదు. ఎందుకంటే మనిషి తనకెంత ఉందో కాదు, పక్కవాళ్లకంటే ఎంత ఉందో చూసుకుంటాడు అన్నాడాయన. దీన్ని ఒప్పుకోని ఆర్థికవేత్తలూ ఉన్నారు, ఆ వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

డబ్బు అక్కర్లేదని మాత్రం నేననను. ఇంటికి పంపాల్సిన డబ్బు కోసమే సముద్రాలు దాటినవాళ్లం, దాని విలువ మనకి ఒకరు చెప్పాలా? కానీ పక్కవాళ్లు అన్న మాట దగ్గర ఆగాను. మా అమ్మకి పక్కవాళ్లంటే వీధిలో నాలుగిళ్లు. నాకు పక్కవాళ్లంటే ఫోన్‌లో మూడు వందల మంది. గృహప్రవేశం ఫొటోలు, కొత్త కారు ముందు కొట్టిన కొబ్బరికాయ, వడ్డాణం. చూసి సంబరపడతాం, అరగంట తర్వాత మన ఇల్లు కాస్త చిన్నదైపోతుంది. నిజం చెప్పండి, మీకూ అంతేనా?

ఇప్పుడు ఏదైనా కొనేముందు నన్ను నేను ఒకటే అడుగుతున్నాను. ఇది కుట్టుమిషనా, లేక ఫొటోనా? నా పని తగ్గిస్తుందా, నాలుగు డబ్బులు తెస్తుందా, లేక ఎవరో చూడ్డానికేనా? ఎవరూ చూడరని తెలిసినా కొనాలనిపిస్తే కొంటున్నాను.

ట్రెడ్‌మిల్ ఎవరికో ఇచ్చేశాను. డిన్నర్ సెట్టు తీసి రోజూ పప్పన్నం అందులోనే తింటున్నాం. గరాజ్ సగం ఖాళీ అయింది. కారు మాత్రం ఇంకా పట్టలేదు.