కురొసావా చిత్రములలో సాక్ష్యము

ఒక సంఘటనను కన్నులార చూచినవారు నలుగురున్నచో సత్యము సులభముగా తేలునని మనము తలంతుము. అట్లు కాదని జపాను దర్శకుడు అకీరా కురొసావా (1910-1998) తన 'రషోమాన్' చిత్రమున చూపెను. అది 1950వ సంవత్సరము. 1945లో ఓడిన జపాను అప్పటికింకను పరసేనల పాలనలో నుండెను. యుద్ధకాలమున ఏలికలు చెప్పిన మాటలు వట్టివని తేలిన పిమ్మట, ఎవరి మాట నమ్మవలెనను ప్రశ్న ఆ దేశమున సహజముగా తలయెత్తినది.

చిత్రమునకు మూలము అకుతగావా వ్రాసిన రెండు చిన్నకథలు. అడవిలో నొక సమురాయ్ వీరుడు హతుడాయెను. తానే చంపితినని బందిపోటు చెప్పును. చేత బాకుతో మూర్ఛిల్లితిననియు, తెలివి వచ్చుసరికి అది భర్త రొమ్మున నుండెననియు భార్య చెప్పును. సోదె చెప్పు స్త్రీ నోట మృతుడే పలికి, తాను ఆత్మహత్య చేసికొంటిననును. దోషమును తప్పించుకొనుటకు బొంకువారిని మనమెరుగుదుము. ఇచ్చట ముగ్గురును దోషమును తమపైననే వేసికొందురు. వారికి ప్రాణముకంటె పరువు మిన్న. న్యాయాధికారి కానరాడు, ఆయన కంఠమును వినరాదు. సాక్షులు మనవంక చూచియే పలుకుదురు. తీర్పరి పీఠము ప్రేక్షకునిదే.

ఈ కథ యంతయు క్యోటో నగరపు శిథిలద్వారము క్రింద, కుండపోత వానలో చెప్పబడును. కూలిన ద్వారము కూలిన విశ్వాసమునకు గుర్తు. తుదకు, తానును నిజమును దాచిన కట్టెలు కొట్టువాడు, అచ్చట విడువబడిన పసికందును పెంచుటకై ఎత్తుకొనును, వాన వెలియును. ఈ శిశువు మూలకథలలో లేదు. ఈ చిత్రమునకు 1951లో వెనిస్ చిత్రోత్సవమున అగ్రబహుమతి లభించెను.

పరపాలన 1952 ఏప్రిలులో ముగిసెను. ఆ యేడాదియే 'ఇకిరు' వెలువడెను. జీవించుట యని దాని అర్థము. కట్టెలు కొట్టువాని పాత్ర ధరించిన తకాషీ షిమురాయే ఇందు వతనాబే యను వృద్ధోద్యోగి. మురుగుగుంటను పూడ్చుడని స్త్రీలు పెట్టిన అర్జీ కచ్చేరినుండి కచ్చేరికి తిరుగుచుండును. కడుపులో రాచపుండు కలదని తెలిసికొన్న వతనాబే, పట్టుబట్టి ఆ స్థలమున పిల్లల ఆటతోటను నిర్మింపించును.

కాని ఆ పని జరిగిన తీరును దర్శకుడు వరుసగా చూపడు. కథ చాలభాగము మిగిలియుండగనే నాయకుడు మరణించును. అతని పటము ముందు చేరిన తోటి ఉద్యోగులు మొదట ఆ కీర్తిని పై యధికారులకే కట్టబెట్టుదురు. పిమ్మట ఒక్కొక్కరి జ్ఞాపకమును చేరి నిజము రూపుగట్టును. మంచు కురియు రాత్రి ఊయెలపై నూగుచు పాడుచుండిన వృద్ధుని చూచితినని పోలీసు జవాను చెప్పును. బిడ్డల ఊయెల, ముదుసలి, మంచు: జననమరణములు రెండును ఆ యొక్క దృశ్యమున కలిసినవి.

అయినను మరునాడు కచ్చేరిలో అందరును పాతదారినే పట్టుదురు. సత్యమును తెలిసికొనుట యొకటి, దానిని నిలుపుకొనుట వేరొకటి. మొదటి చిత్రము ఎత్తుకొన్న శిశువుతోను, రెండవది ఆడుకొను బిడ్డలతోను ముగియుట యాదృచ్ఛికము కాదు. మనుష్యుని మాట తడబడవచ్చును. అతని చేతయే అతనికి కడపటి సాక్ష్యము.