పూత మీద పేరిన మంచు



మామిడి తోట పూతకు వచ్చిందంటే మనకు సంతోషమూ, భయమూ రెండూ కలిసే వస్తాయి. పూసినదంతా కాయ కాదన్న సంగతి మనకు తెలియనిది కాదు. హిమాచల్ ప్రదేశ్ కొండల్లో ఆపిల్ పండించే రైతుకు కూడా ఇదే భయం. మార్చి చివర మొదలైతే మే మొదటి రోజుల దాకా అది అతన్ని విడువదు. అతను భయపడేది పురుగుకు కాదు, తెగులుకూ కాదు. ఒక్క చలి రాత్రికి!

మన భాషలో మంచు అనే ఒక్క మాటలో ఎన్నో ఇమిడి ఉన్నాయి. గడ్డి మీద ముత్యాల్లా నిలిచేదీ మంచే, దారి కనపడకుండా కమ్మేదీ మంచే, హిమాలయాల్లో దూదిలా రాలేదీ మంచే. ఇక్కడ చెప్పబోయేది వేరు. గాలి కదలని, మబ్బులేని రాత్రి, గిన్నెలో నెయ్యి పేరినట్లు ఆకు మీద, పూవు మీద తేమ గడ్డకట్టే మంచు ఇది. ఉత్తరాదివారు దీన్ని 'పాలా' అంటారు. మనం పేరిన మంచు అందాం.

ఆ కొండల్లో ఆపిల్ తోటల చరిత్ర మరీ పాతదేమీ కాదు. 1870లో కులూ లోయలోని బంద్రోల్ వద్ద కెప్టెన్ లీ అనే ఇంగ్లీషు దొర మొదట తోట వేశాడు. ఆనాటి ఇంగ్లీషు రకాలు పులుపు. 1904లో మన దేశానికి వచ్చిన అమెరికన్ శామ్యూల్ స్టోక్స్, మిస్సోరీ రాష్ట్రంలోని స్టార్క్ సోదరుల నర్సరీ నుంచి తీపి రకమైన రెడ్ డెలిషస్ మొక్కలు తెప్పించి, 1916లో కోట్‌గఢ్ ప్రాంతంలో నాటాడు. ఆ తీపికి గిరాకీ వచ్చింది. గోధుమ, బంగాళాదుంప వేసుకునే కొండవాలు క్రమంగా తోట అయింది. తోట పెరిగిన కొద్దీ, ఏడాది సంపాదన అంతా కొద్ది రోజుల పూత మీద ఆధారపడ్డది.

ఆపిల్ చెట్టుకు చలి శత్రువు కాదు. శీతకాలంలో 7 డిగ్రీల లోపు చలి మొత్తం దాదాపు వెయ్యి గంటలైనా తగిలితేనే ఈ రకాలు చక్కగా పూస్తాయి. మొగ్గ అప్పుడే కళ్లు తెరుస్తున్న దశలో సున్నాకు దిగువ 9 డిగ్రీల చలిని కూడా చాలా భాగం తట్టుకుంటుంది. అదే మొగ్గ విచ్చి పూవైతే సున్నాకు దిగువ 2 డిగ్రీలు అరగంట ఉంటే చాలు, పదింట ఒక పూవు పోతుంది. 4 డిగ్రీలకు దిగితే పదింట తొమ్మిది పోతాయి. తెల్లవారి చూస్తే రేకులు బాగానే ఉంటాయి. విప్పి చూస్తే నడిమి భాగం నల్లబడి ఉంటుంది. ఇక ఆ పూవు పిందె కాదు.

నిర్మలమైన రాత్రే ఎందుకు చేటు చేస్తుంది? దీనికి సరైన సమాధానం 1814లో వచ్చింది. విలియం చార్లెస్ వెల్స్ అనే వైద్యుడు లండన్‌లో రాత్రిళ్లు ఉన్ని కుచ్చులు ఆరుబయట పెట్టి, వాటిమీద ఎంత మంచు చేరిందో తూచి చూశాడు. ఆకాశానికి ఎదురుగా ఉన్న ఉన్ని ఎక్కువ తడిసింది, చాటున ఉన్నది తక్కువ తడిసింది. భూమీ, చెట్టూ పగటి వేడిని రాత్రి ఆకాశానికి వదిలేస్తాయనీ, మబ్బు దుప్పటిలా కప్పి ఉంటే ఆ వేడి నిలుస్తుందనీ తేలింది. తోటమాలి మొక్క మీద పలుచని చాప కప్పడంలో మర్మం అదే.

మన దేశంలో వాతావరణ శాఖ 1875లో ఏర్పడింది. దాని మొదటి అధిపతి బ్లాన్‌ఫర్డ్ దొర. వసంతంలో హిమాలయాల మీద మంచు ఎక్కువ నిలిస్తే ఆ ఏడు వర్షాలు తగ్గుతాయని ఆయన 1884లో వ్రాశాడు. 1886 నుంచి ఏటా వర్షాకాలపు సూచన ఇవ్వసాగారు. అంటే మన గోదావరి, కృష్ణా రైతుల వానల లెక్కకు కూడా కొండ మీది మంచునే చూశారన్నమాట. కాని ఆ కొండ రైతు అడిగే ప్రశ్న ఇంకొకటి: ఈ రాత్రి నా పూత దక్కుతుందా?

1932లో పూనాలో వ్యవసాయ వాతావరణ విభాగం పెట్టారు. ఎల్. ఎ. రామదాస్‌గారు దాని పెద్ద. నిశ్చలమైన రాత్రి, వట్టి నేల మీద, అన్నిటికంటె ఎక్కువ చలి నేలను ఆనుకొని కాక జానెడు నుంచి మూరెడు ఎత్తున ఉండవచ్చునని ఆయన ఆ ఏడే చూపించారు. వాతావరణ కేంద్రంలో ఉష్ణమాపకం సుమారు నాలుగడుగుల ఎత్తున, పెట్టెలో ఉంటుంది. ఆ అంకె వేరు, తోటలోని చలి వేరు. 1945లో రైతుల వాతావరణ సూచనలు రేడియోలో మొదలైనాయి. 2008లో జిల్లాలవారీ సలహాలు వచ్చాయి.

ఇప్పుడు ముఖ్యమైన మాట. 'ఈ వసంతంలో మామూలు కంటె వేడి ఎక్కువ' అని సూచన వస్తే, మంచు బెడద తప్పిందని అనుకోరాదు. వేడికి చెట్టు తొందరపడి పూస్తుంది, చలి రాత్రులు ఇంకా మిగిలే ఉంటాయి. 2012లో అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో ఇదే జరిగింది. అది కొండ సీమ కాదు, అయినా పాఠం ఒకటే. మార్చిలో ఎన్నడూ లేని వేడి, ఆపిల్ ముందుగా చిగిర్చింది. ఏప్రిల్ మంచుకు సుమారు పదింట తొమ్మిది వంతుల పంట పోయింది. ఋతువు సూచన మూడు నెలల సగటు చెప్తుంది. పంటను తీసేది ఒక్క రాత్రి.

ఆ రాత్రిని ఎలా పసిగట్టాలి? హిమాలయాలకు పడమటి నుంచి వాతావరణపు అలజడులు వచ్చి వాన, వడగళ్లు, మంచు కురిపిస్తాయి. అవి దాటిపోయి, మబ్బు విడి, గాలి ఆగిన మొదటి రాత్రి జాగ్రత్త! చల్లగాలి బరువైనది. నీటిలాగే వాలు వెంట జారి పల్లంలో నిలుస్తుంది. అందుచేత లోయ అడుగున పూత మాడినా, నడికొండ తోట బతకవచ్చు. కొత్త తోట వేసేవారు ముందు ఈ పల్లాలను గుర్తించాలి. ఉన్న తోటలో పూత ఎత్తున ఒక ఉష్ణమాపకం కట్టి, తెల్లవారుజామున చూసి వ్రాసుకోవాలి.

తుంపర నీరు ఉన్నవారు పూతను తడుపుతారు. ఒక గ్రాము నీరు గడ్డకట్టేటప్పుడు 80 కేలరీల వేడి విడుస్తుంది, ఆ వేడే పూవును కాస్తుంది. అయితే మొదలుపెట్టాక మంచు కరిగేదాకా ఆపరాదు. మధ్యలో ఆపితే తడి ఆరుతూ పూవులోని వేడినే లాగేస్తుంది. వట్టి పొగ వల్ల మేలు స్వల్పం. పని చేసేది మంట వేడి.

మన లంబసింగి, చింతపల్లి కొండల్లో పేరిన మంచు డిసెంబరు, జనవరి నెలల్లో పడుతుంది. అక్కడ పనిచేసే విస్తరణోద్యోగులు ఏ పల్లంలో ఏనాడు మంచు పేరిందో గిరిజన రైతులతో కలిసి పుస్తకంలో ఎక్కిస్తే, అది పదేళ్లకు ఆ ఊరి సొంత సూచన అవుతుంది. వాతావరణ శాఖ జిల్లాకు చెప్పగలదు. మీ వాలు సంగతి మీ పుస్తకమే చెప్పాలి.