నల్ల బీరు, విస్కీ పీపా, గని కూలి

ఉగాది సంచికలో బీరు మీద వ్యాసమేమిటని పెద్దలు కొందరు నొసలు ముడివేయవచ్చును. ఇది తాగమని చెప్పడానికి వ్రాస్తున్నది కాదు, మానమని చెప్పడానికీ కాదు. బంగారు గనుల చుట్టుపట్ల స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలో మద్యం మాట ఎత్తితే ఏదో ఒక పాత దుఃఖం జ్ఞాపకం రాని ఇల్లు తక్కువ. ఐతే ఎవరు ఏది తాగారు, ఎందుకు తాగారు అన్న సంగతికి కూడా ఒక చరిత్ర ఉన్నది. విస్కీ పీపాలో నెలల తరబడి ఉంచిన నల్ల బీరును చిన్న గాజు గ్లాసులో పోసి, వాసన చూచి, గుటక గుటకగా రుచి చెప్పడం ఈ మధ్య బెంగుళూరులో ఒక వేడుకైనది. ఆ బీరు పుట్టు పూర్వోత్తరాలు వెదుకుతూ పోతే చివరకు మన గనుల దగ్గరికే వచ్చి చేరుతాము.

నల్ల బీరుకు మొదటి పేరు పోర్టరు. రైల్వే ఉద్యోగికి ఈ మాట పరిచయం చేయనక్కరలేదు. స్టేషనులో ఎర్రచొక్కా, చేతికి ఇత్తడి బిళ్ళ కట్టుకొని మూటలు మోసేవారిని మన శాఖ కాగితాలలో లైసెన్సుడు పోర్టర్లని వ్రాసేవారు. 2016 నుండి సహాయకులని పేరు మార్చారు. లండను నగరంలో 18వ శతాబ్దంలో ఓడరేవు నుండి అంగళ్ళకు సరుకు మోసే కూలీలకు కూడా ఇట్లాగే బిళ్ళలుండేవి. వారు విరివిగా తాగిన గోధుమ నలుపు బీరుకు వారి పేరే పెట్టారు. చవక, చిక్కన, ఒంటికి బలమని నమ్మకం. పోర్టర్లలో ఘాటు ఎక్కువైనదానిని స్టౌటు పోర్టరు అన్నారు. పోను పోను పోర్టరు జారిపోయి స్టౌటు మాత్రం మిగిలింది.

దీని తయారీ కోలారు జిల్లా ఇల్లాండ్రకు సులభంగా అర్థమవుతుంది. రాగులు నానబోసి, గుడ్డలో మూటకట్టి మొలకెత్తించి, ఆరబెట్టి, దోరగా వేయించి విసిరి పసిపిల్లలకు జావ కాచి పోస్తారు కదా. బార్లీతోనూ అదే పని. ఐతే నల్ల బీరుకు గింజలలో కొన్నిటిని కాఫీగింజల మాదిరి నల్లగా మాడ్చాలి. 1817లో డేనియల్ వీలర్ అనేవాడు ఇందుకొక తిరిగే డోలు చేసి పేటెంటు పొందాడు. ఆ పిండిని వేడినీళ్ళలో కలిపి, వడకట్టి, చేదుకు హాప్ పువ్వు వేసి కాచి, చల్లార్చి ఈస్టు కలిపితే పులిసి బీరవుతుంది.

పులిసిన పోర్టరును నెలల తరబడి కొయ్య తొట్లలో మాగబెట్టేవారు. వ్యాపారం పెరిగిన కొద్దీ తొట్లు ఇండ్లంత పెద్దవైనవి. 1814 అక్టోబరు 17న లండనులో మ్యూ కంపెనీవారి కర్మాగారంలో 22 అడుగుల ఎత్తు తొట్టికి ఇనుప కట్టు ఊడి, తొట్టి పగిలి, ఆ పోర్టరు వరద పక్కనున్న పేదల వాడ మీద పడింది. ఎనిమిదిమంది చనిపోయారు, అందరూ స్త్రీలు, పిల్లలే అన్నట్లు చెప్పవచ్చు. అది దైవికంగా జరిగిన ప్రమాదమని పంచాయతీ తేల్చింది. పోయిన బీరుకు కంపెనీ కట్టిన సుంకాన్ని మాత్రం ప్రభుత్వం తిరిగి ఇచ్చివేసింది. గనులలో బండ పగిలి మనుషులు పోయినప్పుడు విచారణలెట్లా ముగిసేవో విన్నవారికి ఇందులో వింత తోచదు.

ఈస్టిండియా కంపెనీ సిపాయిల కోసం ఈ పోర్టరు పీపాలలో ఓడలెక్కి మన దేశానికి వచ్చింది. దొరలు తాగే తేట బీరు గురించి అందరూ వ్రాస్తారు గాని, మామూలు తెల్లసిపాయి తాగినది ఎక్కువగా నల్లదే. తరువాత ఇక్కడనే కాచడం మొదలైంది. కసౌలీ కొండల్లో 19వ శతాబ్దం నడుమ కర్మాగారం పెట్టిన ఎడ్వర్డ్ డయ్యరు, 1919లో జలియన్‌వాలా బాగులో కాల్పులు జరిపించిన డయ్యరుకు తండ్రి. దక్షిణాన నీలగిరులలోను బెంగుళూరు దండులోను చిన్న చిన్న కర్మాగారాలు వెలసినవి. 1915లో థామస్ లీష్మన్ అనే స్కాట్లండు దొర అటువంటివి ఐదింటిని కలిపి యునైటెడ్ బ్రూవరీస్ స్థాపించాడు. అప్పట్లో ఆ బీరు పెద్ద పెద్ద పీపాలలో, ఎద్దుబండ్ల మీద సిపాయిల బారకాసులకు పోయేది.

ఇక మన బంగారు గనులు. 1880లో జాన్ టెయిలర్ కంపెనీ వచ్చినది మొదలు కోలారు గనుల రూపే మారింది. అప్పటి ఉత్తర ఆర్కాటు జిల్లా నుండి (చిత్తూరు ప్రాంతం 1911 దాకా అందులోనిదే), ఆంధ్ర సరిహద్దునానుకొని ఉన్న మా రాయల్పాడు వంటి పల్లెల నుండి, కరువు తరిమితే జనం గనులకు నడిచారు. 1894లో బౌరింగుపేట, అనగా నేటి బంగారపేట, నుండి గనులకు రైలు పడింది. 1902లో శివసముద్రం నుండి విద్యుత్తు వచ్చింది. దొరలకు 1885 నుండే క్లబ్బు ఉన్నది. పచ్చిక మైదానం, బిలియర్డు బల్ల, సీమ సారాయి, సీమ బీరు. లండను కూలీల పేరు పెట్టుకున్న పానీయం ఇక్కడికి వచ్చేసరికి కూలి గడప తొక్కలేని చోట చేరిందన్నమాట.

కూలికి మిగిలినవి కల్లు, నాటు సారా. రెండు మైళ్ళ లోతు వరకు దిగిన గనులవి. ఆ అడుగున రాతి వేడి 60 డిగ్రీలు దాటేది. ఊపిరితిత్తుల నిండా రాతిధూళి. షిఫ్టు దిగి పైకి వచ్చినవాడు లైనింట్లోని చీకటి గదికి పోకముందే సారా అంగడి ఎదురయ్యేది. కూలీలు సోమరులు, తాగుబోతులని దొరలు వ్రాసిన మాటలున్నవి. అదే దొరలు క్లబ్బులో తాగినది అలవాటు, కూలి తాగినది దుర్గుణమనడం నాకు న్యాయమనిపించదు. ఐతే ఆ సారా ఇండ్లు కూల్చిన మాటా నిజమే. జీతం రోజున కొంగు పట్టుకొని గేటు దగ్గర నిలబడిన ఆడవారి గురించి మన ముసలమ్మలు ఇప్పటికీ చెబుతారు.

విస్కీ పీపా ఇందులోకి ఎట్లా వచ్చిందో చెప్పాలి. పాతకాలపు బీరు కాచేవారికి కొయ్య రుచి అంటే గిట్టదు. రుచి దిగని బాల్టిక్ ఓకు కొయ్యనే ఇంగ్లండువారు ఏరి తెప్పించుకునేవారు. పీపా వారికి కేవలం సరుకు మోసే డబ్బా. రెండవ ప్రపంచయుద్ధం తరువాత లోహపు పీపాలు రాగానే కొయ్యను వదిలించుకున్నారు. అమెరికాలో బూర్బన్ అనే మొక్కజొన్న విస్కీని మాత్రం లోపల కాల్చిన కొత్త ఓకు పీపాలోనే ఉంచాలని 1930లలో నిబంధన చేశారు. ఒక్కసారి వాడిన పీపా ఇక బూర్బనుకు పనికిరాదు. అట్లా మిగిలిన, సుమారు 200 లీటర్లు పట్టే పీపాలు స్కాట్లండుకు, తరువాత మన దేశానికి కూడా చవకగా పోతున్నవి. షికాగోలో గూస్ ఐలండు కర్మాగారపు గ్రెగ్ హాల్, 1990ల నడుమ, అటువంటి పీపాలలో చిక్కని స్టౌటు పోసి ఉంచాడు. పూర్వులు తప్పుగా ఎంచిన కొయ్యరుచే ఇప్పుడు గొప్పగుణమైపోయింది. ఈ విద్యలో నష్టభయం కూడా లేకపోలేదు. 2015లో ఆ కర్మాగారం సీసాలు కొన్ని క్రిమి చేరి పుల్లబడగా, కొన్నవారికి డబ్బు తిరిగి ఇవ్వవలసి వచ్చింది.

పీపాలో జరిగేది ఇది. కాల్చిన కొయ్య నుండి వెనిలా వాసన, కొబ్బరి వాసన, వగరు బీరులోకి దిగుతవి. చెక్కలో ఇంకి ఉన్న విస్కీ కొంత కలిసి ఘాటు పెరుగుతుంది. మామూలు బీరులో మద్యసారం నూటికి 5 పాళ్ళుంటే, ఇందులో 10 నుండి 14 దాకా ఉండవచ్చు. కొయ్య గుండా కొంచెం గాలి ఆడి మొరటుతనం తగ్గుతుంది. ఎక్కువ ఆడితే పులుపే.

బెంగుళూరులో ఉద్యోగం చేసే మా బావమరిది పట్టుబట్టి తీసుకుపోతే నేనూ ఒక చిన్న గ్లాసు రుచి చూచాను. ఐసులో పెట్టరు, చలి నాలుకను మొద్దుబరుస్తుందట. రంగు ఆముదపు దీపం కింద చేరిన మసి మాదిరి. ముక్కు దగ్గర పెట్టగానే అప్పుడే వేయించిన కాఫీగింజ, కొంచెం ముదిరిన బెల్లంపాకం, ఎండుకొబ్బరి. నోట్లో మొదట తీపి, వెంటనే చేదు, గొంతులో విస్కీ వేడి. అంతా దిగిన తరువాత నాలుక అంచుల మీద నేరేడుపండు తిన్నట్లు వగరు చాలాసేపు నిలిచింది. ఉగాది పచ్చడిలో ఉప్పు, కారం తప్ప తక్కినవి ఉన్నవని మా బావమరిదితో అంటే నవ్వాడు. రుచి బాగుండలేదని అబద్ధమాడను. వెల చూస్తే మా ఇంటికి మూడు రోజుల కూరగాయలు.

మన సీమ ఎండకు పీపాల పని త్వరగా జరుగుతుంది. బెంగుళూరులో 1948లో మొదలైన అమృత్ డిస్టిలరీవారు 2004లో తమ విస్కీని స్కాట్లండులోని గ్లాస్గోలోనే మొదట అమ్మి పేరు తెచ్చుకున్నారు. స్కాట్లండు చలిలో పీపా నుండి ఏడాదికి నూటికి సుమారు రెండు పాళ్ళు ఆవిరైతే, ఇక్కడ 10, 12 పాళ్ళు పోతుంది. దానిని వారు దేవదూతల వంతు అంటారు.

కూలివాని వంతు సంగతి వేరు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు కదిలి సారా అంగళ్ళు మూయించగా, 1993లో ఆంధ్రలో సారా నిషేధమైంది. కర్ణాటకలో 2007 జూలై 1న ఆగిపోయింది. చవక సరుకు ఆగిన మరుసటి ఏడాది, 2008 మేలో, బెంగుళూరు, కోలారు, కృష్ణగిరి ప్రాంతాలలో దొంగసారాలో విషపు స్పిరిటు కలిసి నూటికి పైగా మనుషులు చనిపోయారు. దాదాపు అందరూ దినకూలీలే. 2010 తరువాత అదే బెంగుళూరులో అక్కడికక్కడే బీరు కాచే పానశాలలు ఒకటి తరువాత ఒకటి తెరుచుకున్నవి.

గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. అప్పటి నుండి మారికుప్పం నుండి బయలుదేరే తెల్లవారుజాము బండ్లలో గని కార్మికుల బిడ్డలు వేలమంది బెంగుళూరుకు పనికి పోయి రాత్రికి తిరిగి వస్తారు. కార్ఖానాలలో, ఆఫీసులలో, అంగళ్ళలో పని. ఆ పానశాలల్లో సరుకు దించేవారు, గ్లాసులు కడిగేవారు, కడుగుతూ ఏ పీపాలో ఏ బీరు ఉన్నదో వాసనతో చెప్పగలిగినవారు కూడా వారిలో ఉన్నారు. రాత్రి ఆఖరి బండి తప్పితే తెల్లవారే దాకా ప్లాట్‌ఫారం మీద పడుకోవలసిందే.