గ్రామ మంచినీరు, పారిశుద్ధ్యము : నిధులు, పోషణ (తెలుగు దేశము)

జనావాసములకు త్రాగునీటిని చేర్చుటకును, మురుగును మలమును తొలగించుటకును ఏర్పడిన కట్టడములు నిలిచియుండుటకు కావలసిన ధనమును తెలుగు దేశమున ఎవ్వరు, ఏ రూపమున సమకూర్చుచు వచ్చిరన్నది ఈ వ్యాసమునకు విషయము. చెరువు త్రవ్వించుట శాశ్వత పుణ్యకార్యములైన సప్తసంతానములలో నొకటిగా నెన్నబడుటచే నిర్మాణమునకు దాతలు ఇచ్చట ఏ యుగమునందును కొఱవడలేదు. కట్టినదానిని ఏటేట కనిపెట్టి యుండువానికి కూలి ఎవరు చెల్లింపవలెనన్న ప్రశ్నకే ఒక్కొక్క యుగము ఒక్కొక్క సమాధానము నిచ్చి, పెక్కుసార్లు ఏ సమాధానమును ఇయ్యక ఊరకుండెను.

కాకతీయుల కాలమున పాకాల, రామప్ప, లక్నవరము వంటి తటాకములు వెలసిన పిదప, వాని పోషణకై భూమినే మూలధనముగా నిలుపు ఆచారము బలపడెను. చెరువు త్రవ్వించినవానికి గాని, తెగిన కట్టను పోయించినవానికి గాని దానిక్రింది భూమిలో కొంత భాగమును మాన్యముగా నిచ్చి, బదులుగా మరమ్మతు భారమును వంశపారంపర్యముగా అతనిపై నుంచుటకు దశబంధమని పేరు. విజయనగర యుగమునందలి శాసనములలో ఈ దశబంధ మాన్యములు తఱచుగా కనబడును. కడప మండలమందలి పోరుమామిళ్ల శాసనము (క్రీ.శ. 1369) వీనిలో ప్రత్యేకముగా గణింపదగినది. బుక్కరాయల కుమారుడగు భాస్కర భవదూరుడు వేయించిన ఆ శాసనము, దినమునకు వేయిమంది కూలీలును నూరు బండ్లును రెండేండ్లు పనిచేసి ఆ చెరువును ముగించిరని చెప్పి, ఉత్తమ తటాకమునకు కావలసిన పండ్రెండు సాధనములను, ఆఱు దోషములను వరుసగా పేర్కొనుచున్నది. తటాక శాస్త్రమును ఇంత నిశితముగా శిలపై నిలిపిన శాసనములు మిక్కిలి అరుదు.

దైనందిన నిర్వహణము నీరటివాని చేతిలో నుండెడిది. తూము రాతిస్తంభముల నడుమకు దిగి బిరడాను జానెడో బెత్తెడో పైకెత్తి, ఏ పొలమునకు ఎంత నీరు వదలవలెనో నిర్ణయించి, వానకాలపు రాత్రులందు కట్టమీద తిరుగుచు, అలుగు పొంగినపుడు ఊరిని లేపుట అతని పని. ఇందులకు అతనికి కొంత మాన్యమును, కోతలయనంతరము కళ్ళమున రైతులు కొలిచియిచ్చు మేరయు లభించెడివి. పంట పండిన ఏడు అతనికి నిండుగా గింజలు దొరకెడివి, చెరువు తెగిన ఏడు ఏమియు దొరకకుండెడిది. కావున గండి పడకుండ చూచుట అతనికి కేవల ధర్మము మాత్రమే గాక స్వప్రయోజనము కూడ నయ్యెను. త్రాగునీరు ప్రధానముగా బావులనుండియే వచ్చెడిదైనను, ఆ బావుల ఊటకు చెరువే ఆధారము. ఊరి బావి అందఱి బావి కాకపోయెను. మాలమాదిగలు వేఱు బావులకో, వాగుచెలమలకో పోవలసివచ్చెడిది. ఈ లోపము పై వ్యవస్థనెంత మెచ్చుకొన్నను మఱువదగినది కాదు.

కుతుబ్‌షాహీల యుగమున హుస్సేన్ సాగరము వెలసెను. తరువాతి రెండు శతాబ్దులు గ్రామములయందు మాన్యముల పద్ధతియే సాగెను. కోస్తా, రాయలసీమ మండలములయందు కంపెనీ ప్రభుత్వము రైతుల శ్రమదానమును కుడిమరామత్తు పేర చట్టబద్ధము చేయజూచి 1858లో నిర్బంధ శ్రమ చట్టమును గావించెను గాని, దానివలన ఫలితము స్వల్పము.

హైదరాబాదు రాజ్యమున, ముఖ్యముగా రాజధానియందు, జలకార్యముల చరిత్ర విపులమైనది. దివానైన మీర్ ఆలం 1804లో ప్రారంభింపజేసి 1806 నాటికి పూర్తిచేయించిన తటాకము ఇరువదియొక్క అర్ధవృత్తాకారపు కమానుల ఆనకట్టతో నేటికిని చెక్కుచెదరక నిలిచియున్నది. శ్రీరంగపట్టణ విజయమున తన వంతుకు వచ్చిన ధనమును ఆయన దీనికి వెచ్చించెనని చెప్పుదురు. ఒక వ్యక్తి యుద్ధలాభము నూఱేండ్లకు పైగా ఒక నగరమునకు దాహము తీర్చిన ఉదాహరణము ఇది. అంతటి తటాకము చేరువనున్నను నీరు ఇంటింటికి నడచివచ్చునది కాదు. చార్మినారునుండి దక్షిణముగా అలియాబాదు, ఫలక్‌నుమాలవైపు సాగు బాటలో నున్న శాలిబండను చూచినచో నాటి స్థితి తెలియును. ధనికుల దేవిడీలలో సొంత బావులుండెడివి; గల్లీలలోని సామాన్య గృహములకు భిష్తీ తోలుతిత్తిని వీపుపై మోసికొనివచ్చి కుండలు నింపి, తిత్తికి ఇంతయని పుచ్చుకొనెడివాడు. ఆ బాటలో 1904లో గడియారపు బురుజు వెలసిన నాటికిని పాయిఖానాలను చేతులతో ఎత్తువారు వేకువనే వచ్చిపోవుచుండెడివారు. అనగా శాలిబండలో బీదవాడు నీటికిని, పారిశుద్ధ్యమునకును తన జేబునుండియే చెల్లించుచుండెను.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాది ప్రాణములను హరించిన పిదప ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యను రప్పించెను. ఆ మహా ఇంజనీరు 1909లో సమర్పించిన ప్రణాళిక, వరదను అరికట్టు జలాశయములే నగరమునకు త్రాగునీటినిచ్చునట్లు కూర్చబడినది. ఒకే వ్యయముతో రెండు ప్రయోజనములు సాధించు ఈ యుక్తి జలకార్యముల ఆర్థిక చరిత్రలో మెచ్చదగినది. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడెను. 1920లో మూసీపై ఉస్మాన్ సాగరము (గండిపేట చెరువు), 1927లో ఈసీపై హిమాయత్ సాగరము పూర్తియయ్యెను. గండిపేట నీరు పల్లమునకు తనంత తానే పాఱి ఆసిఫ్‌నగర్ వడపోత కేంద్రమును చేరుటచే పంపులకు ఖర్చు లేకపోయెను. 1930లలో భూగర్భ మురుగు కాలువలు పడినవి. దీనికి భిన్నముగా, 1965నుండి మంజీరా నీరును, 2004నుండి నూరు కిలోమీటర్లకు పైబడిన దూరమునుండి దశలవారీగా ఎత్తిపోయబడు కృష్ణా నీరును నగరమునకు వచ్చినప్పటినుండి విద్యుత్తు బిల్లు నిర్వహణ వ్యయమున పెద్దపాలు ఆక్రమించెను. 1989లో ఏర్పడిన మహానగర జలమండలి ఈ భారమును నీటి పన్నుతో పూరింప యత్నించుచుండగా, 2021 జనవరినుండి గృహములకు నెలకు 20,000 లీటర్లవఱకు నీరు ఉచితమయ్యెను.

నగరమునకు దక్కిన ఈ ఐశ్వర్యమునకు గ్రామములు కూడ మూల్యము చెల్లించినవి. ఉస్మాన్, హిమాయత్ సాగరములను జంట జలాశయముల పరీవాహకమునందలి 84 గ్రామములలో పెద్ద కట్టడములను నిషేధించుచు 1996లో 111వ జీ.వో. వెలువడెను, ఆ ఆంక్షలను 2022లో 69వ జీ.వో. తొలగించెను. ఆ గ్రామములకు పరిహారముగా నీటి సుంకములో భాగమేదియు నియమింపబడలేదు.

నిజాము రాజ్యపు పల్లెలయందు భూమిశిస్తుపై రూపాయికి అణా చొప్పున వసూలగు లోకల్ ఫండు ఒక్కటియే సార్వజనిక బావులకు చెప్పుకోదగిన ఆధారము. మెట్లబావిలోనికి దిగి నీరు ముంచుకొను అలవాటుచే నారికురుపు వ్యాపించుచుండుటను గుర్తించి, బావులు త్రవ్వు శాఖ కొన్ని దిగుడుబావులకు మెట్లు మూయించి గిలకలు పెట్టించెను. ఆ వ్యాధి దేశమున సమూలముగా నశించెనని 2000లో ధ్రువీకరింపబడినది.

స్వాతంత్ర్యానంతరము నిధుల మూలము ఢిల్లీకి మాఱెను. 1972–73లో కేంద్రము గ్రామీణ నీటి సరఫరా త్వరితీకరణ పథకమును ప్రారంభించెను. అంతర్జాతీయ జలదశాబ్ది (1981–90) నాటికి యూనిసెఫ్ తోడ్పాటుతో రూపొందిన ఇండియా మార్క్-2 చేతిపంపు పెక్కు పల్లెలలో నాటబడెను. ఇది దృఢమైన యంత్రమే. కాని నూఱడుగుల లోతునున్న వాషరొకటి అరిగినచో కడ్డీలన్నియు పైకి లాగవలసియుండుటచే, పంచాయతీ సమితి కేంద్రమునుండి మెకానిక్కు వచ్చువఱకు పంపు మూగదై యుండెడిది. వాషరు వెల కొన్ని రూపాయలే యైనను ఆ రూపాయలు ఏ పద్దులోనివో తెలియకుండెను. ఆఫ్రికాఖండపు అనేక దేశములలో ఇదే కారణముచే చేతిపంపులలో సుమారు మూడవవంతు పనిచేయుటలేదని ఈ శతాబ్ది ఆరంభపు అంచనాలు తెలిపినవి. ఫ్లోరైడు సమస్య ఈ ప్రశ్నను మఱింత తీవ్రము చేసెను. 1937లో నేటి ప్రకాశం జిల్లా ప్రాంతమునను, అటుపిమ్మట నల్లగొండలోను కనుగొనబడిన ఈ విషమునకు నాగపూర్ పరిశోధకులు పటిక, సున్నములతో ‘నల్లగొండ విధానము’ను కనిపెట్టిరి. విరుగుడు చౌకయైనను, నిత్యము దానిని కలుపు మనిషికి జీతము చౌక కాదు.

1999లో కేంద్రము దృక్పథమును మార్చి, నిర్మాణ వ్యయములో పదవవంతును, నిర్వహణ వ్యయమునంతయు వినియోగదారులే భరింపవలెనని విధించెను. 2002లో స్వజలధార పేర ఈ విధానము దేశమంతట వ్యాపించెను. వరంగల్లు సమీపమున గంగదేవిపల్లె ప్రజలు బాలవికాస సంస్థ తోడ్పాటుతో తమ వంతు చందా కూర్చి ట్యాంకు కట్టించుకొని, సంఘములుగా ఏర్పడి నెలనెల సొమ్ము వసూలుచేసి, ఆదర్శగ్రామమను కీర్తి పొందిరి. అట్టి ఐకమత్యము లేని పల్లెలయందు పథకము కాగితమునకే పరిమితమయ్యెను. నెదర్లాండ్సుకు చెందిన ఐ.ఆర్.సి. సంస్థ 2008 తరువాత బుర్కినా ఫాసో, ఘనా, మొజాంబిక్‌లతో పాటు ఆంధ్రప్రదేశమును ఎన్నుకొని నడపిన ‘వాష్‌కాస్ట్’ అధ్యయనము, ట్యాంకు కట్టు ఖర్చునే గాక పంపు మార్చుటకు, సిబ్బంది శిక్షణకు, అప్పు వడ్డీకి అగు వ్యయమును గూడ జీవితకాల వ్యయముగా లెక్కించు పద్ధతిని ప్రచారము చేసెను. కట్టడములు కాగితముపై వ్రాసిన ఆయుర్దాయమునకు చాల ముందే చెడిపోవుచుండుటను, పెద్ద మరమ్మతులకు కేటాయింపులు అత్యల్పమగుటను ఈ అధ్యయనము బయటపెట్టినది.

దాతృత్వపు సంప్రదాయము ఆగలేదు. అనంతపురము జిల్లాలో సత్యసాయి ట్రస్టు 1990లలో వందల గ్రామములకు నీరిచ్చిన పథకము కొనియాడదగినది. అది ప్రభుత్వపరమైన పిదప, జీతములు నెలల తరబడి అందక కార్మికులు సమ్మెచేసిన సందర్భములు కలవు. తెలంగాణమున 2015లో చౌటుప్పల్‌నందు పైలాను వెలసి, 2016లో కోమటిబండయందు ప్రారంభోత్సవము జరిగిన మిషన్ భగీరథ, గ్రామమున మనిషికి దినమునకు 100 లీటర్లు లక్ష్యముగా, 40,000 కోట్ల రూపాయలకు మించిన అంచనాతో, అధికభాగము ప్రభుత్వ హామీపై తెచ్చిన ఋణములతో నిర్మితమైనది. ఊరి పొలిమేర వఱకు నీరు చేర్చుట ప్రభుత్వ శాఖదిగాను, ఊరిలోని పైపులను చూచుకొనుట పంచాయతీదిగాను విభజింపబడెను.

మరుగుదొడ్లకు 2014నుండి స్వచ్ఛభారత్ క్రింద ఇంటికి 12,000 రూపాయల ప్రోత్సాహకము లభించెను. గుంత నిండిన పిదప దానిని తీయించు ఖర్చు గృహస్థునిదే. పదునైదవ ఆర్థికసంఘము పంచాయతీలకిచ్చు నిధులలో 60 శాతమును నీటికి, పారిశుద్ధ్యమునకు చెరిసగముగా కట్టుబఱచినది. తెలంగాణమునందలి నాటి 12,769 పంచాయతీలలో 2019నుండి పల్లెప్రగతి పథకము క్రింద ట్రాక్టరును, ట్యాంకరును సమకూర్చబడినవి. పంపు నడపువాడు, వీథిదీపము వేయువాడు, మురుగుకాలువ తీయువాడు అను భేదమును తొలగించి, అందఱిని నెలకు 8,500 రూపాయల జీతముపై బహుళ ప్రయోజన కార్మికులుగా నియమించు పద్ధతియు ఆ యేడే వచ్చెను. జీతము తరువాత 9,500 రూపాయలయ్యెను. ఈ పద్ధతిని రద్దుచేయవలెనని పంచాయతీ కార్మిక సంఘములు కోరుచు వచ్చినవి.