పస్తులు నేర్పిన వైద్యం

షుగరు వచ్చిందనగానే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "ఏ మాత్ర వేసుకుంటున్నారు?" అని. ఏం తింటున్నారన్నది తర్వాతి సంగతి. మాత్రలు పుట్టకముందు మాత్రం వైద్యమంతా కంచంలోనే ఉండేది.

1870 సెప్టెంబరులో ప్రష్యా సైన్యం పారిస్‌ని చుట్టుముట్టింది. 1871 జనవరి చివరిదాకా ఊళ్ళో తిండికి కటకట. జనం గుర్రాల్నీ, ఆఖరికి ఎలకల్నీ కూడా తిన్నారు. అపొలినేర్ బుషార్దా అనే వైద్యుడు ఆ కరువులో ఒక విడ్డూరం గమనించాడు: తన మధుమేహ రోగుల మూత్రంలో చక్కెర తగ్గిపోతోంది! తక్కువ తినండి, ఒళ్ళొంచి పని చెయ్యండి అన్నదే ఆయన వైద్యం.

1910లలో అమెరికాలో ఫ్రెడరిక్ ఆలెన్ దీన్ని ఉపవాసాల దాకా లాక్కెళ్ళాడు. ఒంట్లో ఇన్సులిన్ తయారవని పిల్లలు ఎముకల గూళ్ళయిపోయారు. కొన్నాళ్ళు ఎక్కువ బతికారు, అంతే. 1922లో టొరంటోలో ఇన్సులిన్ ఇంజెక్షన్ వచ్చాకే వాళ్ళకి దారి దొరికింది.

మరి పారిస్‌లో పనిచేసింది వీళ్ళకెందుకు చెయ్యలేదు? జబ్బులు రెండు కాబట్టి. 1936లో హెరాల్డ్ హిమ్స్‌వర్త్ ఈ తేడాని ప్రయోగాలతో చూపించాడు: కొందరి ఒళ్ళు ఇన్సులిన్‌కి బాగా స్పందిస్తుంది, కొందరిది స్పందించదు. తమాషా ఏంటంటే, సుశ్రుత సంహిత ఎప్పుడో ప్రమేహాన్ని రెండుగా విడగొట్టింది. పుట్టుకతో వచ్చేది ఒకటి, అపథ్యం వల్ల వచ్చేది రెండోది. ఈ రెండో రకం మనిషి లావుగా ఉంటాడట, బాగా తింటాడట, కూర్చోవడం, పడుకోవడం అంటే ఇష్టమట. మా టీమ్‌లో సగం మంది కళ్ళముందు మెదిలారు నాకు!

2017లో బ్రిటన్‌లో డైరెక్ట్ అనే పరిశోధన ఫలితాలొచ్చాయి. జబ్బు బయటపడి ఆరేళ్ళు దాటని, ఇన్సులిన్ వాడని టైప్ 2 వాళ్ళకి కొన్ని నెలలపాటు రోజుకి దాదాపు 850 కేలరీలే ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి 46 శాతం మందికి మందుల్లేకుండానే షుగరు అదుపులోకొచ్చింది. ఎక్కువ బరువు తగ్గినవాళ్ళకి ఎక్కువ ఫలితం. అలాగని మాత్రలో ఇన్సులినో వాడుతున్నవాళ్ళు సొంతంగా పస్తులుంటే షుగరు పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. డాక్టరుకి చెప్పే చెయ్యాలి.

మా నాన్నకి షుగరు. నాకింకా ముప్పై నిండలేదు, కిందటేడు చెకప్‌లో హెచ్‌బీఏ1సీ 5.9 వచ్చింది. అన్నం మానడం నా వల్ల కాదు. అందుకే మూడు గరిటెల్ని ఒకటిన్నర చేసి, కూరా పప్పూ పెంచాను. పథ్యమంటే జ్వరమొచ్చిన నాలుగు రోజులు చేసేదనుకుంటాం. జబ్బు రాకముందు చేస్తే ఇంకా తేలిక కదా?