గ్లెన్ క్రో కొండవాగులు

మన మిల్టన్ కీన్స్‌లో కొండలెక్కడివి? విలెన్ చెరువు గట్టెక్కితేనే పిల్లలకు పెద్ద సంబరం. అందుకే సెలవులొస్తే మనవాళ్ళు కార్లేసుకుని స్కాట్లాండ్ వెళ్తుంటారు. ఆ దారుల్లో ఒకదాని చరిత్ర ఈ వారం చెప్పుకుందాం.

లోక్ లోమండ్ దాటి పడమటికి తిరిగితే ఏ83 రోడ్డు గ్లెన్ క్రో లోయ పక్కగా ఎక్కుతుంది. 1748లో సైనికులు అక్కడ బాట వేయడం ముగించి, కనుమ మీద "రెస్ట్ అండ్ బి థాంక్‌ఫుల్" అని చెక్కిన రాయి నిలిపారు. (ఆ రాయి శిథిలమైంది, ఇప్పుడున్నది తర్వాత పెట్టింది.) వాళ్ళ బాట లోయ అడుగున సాగుతుంది. నేటి రోడ్డు పైన, వాలులో ఉంది. చిక్కంతా అక్కడే.

ఆ కొండమీద రాతిపైన మట్టిపొర పలచన. గట్టివాన కురిస్తే ఆ మట్టి నాని, జారి, వాగులో పడుతుంది. నీళ్ళతో కలిసి తడి కాంక్రీటులా చిక్కబడి, వాగు అడుగునూ ఒడ్డులనూ కోసుకుంటూ దిగుతుంది. పెద్దరాళ్ళు అటూ ఇటూ గట్లుగా మిగులుతాయి. కింద వాలు తగ్గగానే మిగతాది విసనకర్రలా పరుచుకుంటుంది. ఒక్కసారితో అయిపోతే బాగుండును! లోతైన వాగు ఒడ్డులు మళ్ళీ కూలి దాన్ని నింపుతాయి, మరో వానకు అదే దారిలో మరో ప్రవాహం. దారి పూడుకుపోతే పక్కకు గెంతుతుంది. ఇలా లోయ రూపే మారిపోతుంది.

ఇది స్కాట్లాండ్‌కే పరిమితం కాదు. కేదార్‌నాథ్ గుడిచుట్టూ ఉన్న చదును నేల కూడా హిమానీనదం, వాగులు తెచ్చిపోసిందే. 2013 జూన్ 16, 17 తేదీల్లో చోరాబారి సరస్సు గట్టు తెగి, మందాకిని ఆ నేల మీదికే రాళ్ళతో తిరిగి వచ్చింది. మన తెలుగు యాత్రికులెందరో అక్కడ చిక్కుకున్నారు. కొండల్లో చదునుగా కనిపించే చోటు ఎలా ఏర్పడిందో అడక్కుండా ఇళ్ళూ సత్రాలూ కట్టేయడం నాకు కొరుకుడు పడదు.

స్కాట్లాండ్‌లోనూ 2004 ఆగస్టులో గ్లెన్ ఓగిల్ దగ్గర బురద రోడ్డును కమ్మితే 57 మందిని హెలికాప్టర్లలో తరలించారు. గ్లెన్ క్రోలో రోడ్డుపక్కన పెద్ద గుంతలు తవ్వారు. మన విలెన్ చెరువు వరదనీటిని ఆపినట్టు, అవి రాళ్ళనూ బురదనూ ఆపాలి. అయినా 2020 ఆగస్టులో సుమారు 10,000 టన్నులు దిగింది. రోడ్డు మూసినప్పుడల్లా వాహనాలకు దిక్కు ఆ పాత సైనికుల బాటే. ఆ ఏడు దానికీ బురద తప్పలేదు.

చివరికి 2023లో, కొండను ఆపే ఆశ వదులుకుని, రోడ్డు మీదే సుమారు 1.4 కిలోమీటర్ల పొడవున పైకప్పు కట్టాలనే ప్రణాళిక ప్రకటించారు. బురద దానిమీదుగా కిందికి పోతుంది, బండ్లు దానికింద నడుస్తాయి.